టెక్ సందేహాలు: కరెంటు వచ్చింది, సరైన సమయం రాలేదు

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. ఇంట్లో ఫైబర్ కనెక్షన్, దానికి ఒక రౌటర్ ఉన్నాయి. అక్కడి నుంచి వైర్‌లెస్ లింకుతో మొదటి చెరువు గట్టు మీది షెడ్డులో రెండో రౌటర్, దాని నుంచి చివరి చెరువు దగ్గర మూడో రౌటర్ పెట్టాం. కెమెరాలు తమ దగ్గరి రౌటర్ నుంచే సమయం తీసుకుంటాయి. కరెంటు పోయి వచ్చాక ఇంటి రౌటర్ మూడు నాలుగు నిమిషాల్లో సరైన సమయానికి వస్తుంది. రెండోదానికి అరగంట, మూడోదానికి గంట పైనే పడుతుంది. మొన్న రాత్రి ఏరియేటర్లు (చెరువు నీటికి గాలి అందించే యంత్రాలు) ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో చూద్దామంటే ఒక్కో కెమెరా ఒక్కో సమయం చూపించింది. చెరువుల దగ్గరి రౌటర్లు రెండూ ఒకదాన్నొకటి అడిగేలా కూడా పెట్టి చూశాను, లాభం లేదు. రౌటర్లు మార్చాలా?

జవాబు: మార్చనక్కరలేదు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటే వేళకు ఏరియేటర్ పది నిమిషాలు ఆగిందా, నలభై నిమిషాలు ఆగిందా అన్నది రొయ్యల రైతుకు పంటకు సంబంధించిన విషయం. అందుకే ఈ వారం మీ ప్రశ్నకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందుగా ఒక అనుమానం తీర్చుకుందాం. రౌటర్‌లోని గడియారం క్వార్ట్జ్ స్ఫటికం మీద నడుస్తుంది. వేసవిలో రేకుల షెడ్డు వేడికి దాని నడక కొంత మారుతుంది. కానీ పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా రోజుకు తప్పేది 1.7 సెకన్లే. మీరు చెప్పే తేడా నిమిషాల్లో, గంటల్లో ఉంది. కాబట్టి ఇది స్ఫటికం దోషం కాదు. చిన్న రౌటర్లలో చాలావాటికి లోపల గడియారం బ్యాటరీ ఉండదు. కరెంటు పోగానే అవి సమయం మరిచిపోతాయి, తిరిగి వచ్చాక 1970 జనవరి 1 నుంచో, ఎప్పుడో దాచుకున్న తేదీ నుంచో లెక్క మొదలుపెడతాయి. సరైన సమయం కోసం నెట్‌వర్క్‌లో ఇంకొకరిని అడగాలి. ఆ అడిగే పద్ధతే ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్). అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన డేవిడ్ మిల్స్ 1985లో దీన్ని ప్రకటించారు, దశాబ్దాల పాటు మెరుగుపరుస్తూ వచ్చారు. 2024 జనవరిలో ఆయన కన్నుమూశారు. మీ చెరువు గట్టు మీద ఇప్పటికీ ఆయన లెక్కే నడుస్తోంది.

ఈ పద్ధతిలో మెట్లు ఉంటాయి. పరమాణు గడియారానికో, జీపీఎస్‌కో నేరుగా కట్టిన సర్వరుది ఒకటో మెట్టు. దాన్ని అడిగేది రెండో మెట్టు, దాన్ని అడిగేది మూడోది. ఇలా 15 దాకా పోవచ్చు. 16 అని ఉంటే ‘నాకే ఇంకా సమయం తెలియదు’ అని అర్థం. శివారు పొలానికి నీరు అందకపోతే మీరు శివారులో పార పట్టుకుని తవ్వరు కదా. బోదె వెంట నడుచుకుంటూ పై లాకు దాకా వెళ్లి ఎక్కడ ఆగిందో చూస్తారు. ఇక్కడ చేయాల్సిందీ అదే.

మీ ఏర్పాటులో కరెంటు రాగానే మూడు రౌటర్లూ ఒకేసారి లేస్తాయి. మూడోది రెండోదాన్ని అడుగుతుంది. రెండోది తనకే తెలియదు గనక 16 అంటుంది. ఆ జవాబును మూడోది నమ్మదు, నమ్మకూడదు కూడా. మళ్లీ అడగడానికి మామూలుగా 64 సెకన్లు ఆగుతుంది. పనికివచ్చే జవాబు రాకపోతే చాలా పరికరాలు ఆ వ్యవధిని పెంచుకుంటూ 1,024 సెకన్ల దాకా పోతాయి. అంటే 17 నిమిషాలకు ఒక్కసారి అడగడం. పై రౌటర్ ఈలోగా సర్దుకున్నా కిందిది తన వంతు వచ్చేదాకా కూర్చునే ఉంటుంది. మీ అరగంట, గంట ఇలాగే పోగవుతున్నాయి.

రౌటర్లు ఒకదాన్నొకటి అడిగేలా పెట్టారు కదా, అది తీసేయండి. సమయం తెలియని ఇద్దరు ఒకరినొకరు అడిగితే ఏమి తేలుతుంది? ‘సొంత గడియారాన్నే ప్రమాణంగా తీసుకో’ అనే ఎంపిక కూడా రెండింట్లో ఆన్ చేసి ఉంటే మరీ ప్రమాదం. తప్పు సమయాన్నే నిజమని ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకుంటాయి. గడియారం బ్యాటరీ లేని పరికరంలో ఆ ఎంపిక జోలికే వెళ్లవద్దు.

ఇప్పుడు అసలు మార్పు. మూడో రౌటర్ సిగ్నల్ రెండోదాని మీదుగా వచ్చినా, సమయం దాన్నే అడగాలన్న నియమం లేదు. చెరువుల దగ్గరి రెండు రౌటర్లూ ఇంటి రౌటర్‌నే నేరుగా అడిగేలా దాని ఐపీ అడ్రసు ఇవ్వండి. పేరు కాకుండా అంకెల అడ్రసే ఇవ్వండి, పేరు వెతికే పని కూడా తప్పుతుంది. సెట్టింగుల్లో ‘ఐబర్స్ట్’ అన్న మాట కనిపిస్తే ఆన్ చేయండి. అప్పుడు మొదట్లోనే రెండేసి సెకన్ల ఎడంతో వరసగా అడుగుతుంది, నిమిషాల పని సెకన్లలోకి వస్తుంది. ఇంట్లో ఫైబర్ పెట్టెకూ రౌటర్‌కూ కలిపి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టండి. పై లాకులో నీరు నిలిచి ఉంటే కిందికి వదలడం ఎంతసేపు? నన్నడిగితే ఖర్చు పెట్టాల్సింది ఈ ఒక్కదాని మీదే.

ఇవన్నీ చేశాక రౌటర్‌లోని ఎన్‌టీపీ పట్టిక తెరిచి, అందులో ‘రీచ్’ అన్న గడి ఉంటే చూడండి. గత ఎనిమిది ప్రశ్నల్లో ఎన్నిటికి జవాబు వచ్చిందో అక్కడ గుర్తు ఉంటుంది, అష్టాంశ పద్ధతిలో, అంటే 0 నుంచి 7 దాకా అంకెలతోనే. మొదట 1, తర్వాత 3, 7, 17, 37 అలా పెరిగి 377 దగ్గర నిలబడితే ఎనిమిదికి ఎనిమిదీ అందినట్టు. 0 దగ్గరే ఉండిపోతే, ఎన్‌టీపీ ప్యాకెట్లు వెళ్లే యూడీపీ 123 పోర్టును ఫైర్‌వాల్ ఎక్కడైనా అడ్డుకుంటోందేమో చూడండి. 377 దాకా వచ్చి, తరచూ తగ్గుతూ పెరుగుతూ ఉంటే వైర్‌లెస్ లింకులో ప్యాకెట్లు పోతున్నాయి. డిష్ దిశ చూడండి, మధ్యలో కొబ్బరి మట్ట పెరిగి అడ్డం వచ్చిందేమో కూడా చూడండి.

రీచ్ నిండుగా ఉండి, తేడా మాత్రం మెల్లగా తగ్గుతుంటే కంగారు పడకండి. అది కావాలనే అంత నెమ్మదిగా పెట్టిన నడక. గడియారాన్ని ఒక్కసారి వెనక్కి తిప్పితే రాత్రి 2:14 అన్న సమయం రికార్డులో రెండుసార్లు వస్తుంది, ఏది ముందో ఏది వెనకో తేలదు. అందుకే మూల ఎన్‌టీపీ ప్రోగ్రాంలో 128 మిల్లీసెకన్ల లోపు తేడాను సెకనుకు అర మిల్లీసెకను చొప్పున మించకుండా సర్దుతారు. ఆ 128 తీరడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది. దాన్ని తొందరపెట్టాలని రౌటర్‌ను మళ్లీ మళ్లీ ఆపి వేస్తే లెక్క ప్రతిసారీ మొదటికి వస్తుంది.

ఇంకొక్క మాట. ప్యాకెట్ వెళ్లడానికి, రావడానికి సమానంగా సమయం పడుతుందని ఎన్‌టీపీ అనుకుంటుంది. చెరువుల నుంచి కెమెరా వీడియోలు ఇంటివైపు దారిని నింపేస్తే ఒకవైపు 200 మిల్లీసెకన్లు, ఇంకోవైపు 10 పడుతుంది. ఆ తేడాలో సగం, అంటే 95 మిల్లీసెకన్లు, మీ గడియారంలో తప్పుగా చేరుతుంది. కెమెరాలకు ఇది లెక్కలోనిది కాదు. అయినా 123 పోర్టు ప్యాకెట్లకు ముందు దారి ఇవ్వడం మంచిదే.

ప్రశ్న: మా దుకాణం కెమెరా రికార్డింగులో సమయం ఎప్పుడూ సరిగ్గా అయిదున్నర గంటలు వెనక ఉంటోంది. సర్వర్ మార్చినా అంతే. – నరసాపురం

జవాబు: సర్వర్‌ది తప్పు కాదు. ఎన్‌టీపీ ఇచ్చేది ప్రపంచ ప్రామాణిక సమయం, దానికి 5:30 కలిపితే మనది. టైమ్ జోన్‌లో కోల్‌కతా ఎంచుకోండి. సమయాన్ని చేత్తో ముందుకు తిప్పవద్దు.

ప్రశ్న: అమలాపురంలో చిన్న ఇంటర్నెట్ సేవల సంస్థ నడుపుతున్నాం. రౌటర్లకు ఏ టైమ్ సర్వర్ ఇచ్చినా ఫరవాలేదా?

జవాబు: మీకు మాత్రం ఫరవా ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సేవలు అందించే సంస్థలు ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వర్లతో గానీ, వాటితో ముడిపడిన సర్వర్లతో గానీ గడియారాలు కలుపుకోవాలి. లాగ్‌లు (పరికరాలు రాసుకునే నమోదులు) 180 రోజులు దాచాలి. భారత ప్రామాణిక సమయాన్ని నిలబెట్టేది న్యూఢిల్లీలోని ఆ ప్రయోగశాలే. మీ దగ్గర రెండు రౌటర్లను మాత్రమే ఆ సర్వర్లకు కలిపి, మిగతావన్నీ ఆ రెండింటినీ అడిగేలా పెట్టండి.

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక రాజోలు ఇంటికీ హైదరాబాద్ ఇంటికీ మధ్య వైర్‌గార్డ్ (రెండు ఇళ్ల నెట్‌వర్కులను ఇంటర్నెట్ మీదుగా కలిపే రహస్య సొరంగం, అంటే వీపీఎన్) కలవడం లేదు.

జవాబు: రాజోలు రౌటర్ తేదీ చూడండి. వైర్‌గార్డ్ ప్రతి పలకరింపుతో పాటు సమయం పంపుతుంది. గతంలో వచ్చినదానికంటే పాత సమయం వస్తే అవతలివైపు ఒప్పుకోదు. మీ టైమ్ సర్వర్ దారి కూడా ఆ సొరంగం గుండానే పోతుంటే చిక్కుముడి పడినట్టే: సమయం లేక సొరంగం తెరుచుకోదు, సొరంగం లేక సమయం రాదు. టైమ్ సర్వర్ దారిని సొరంగం బయటకు మార్చండి.