స్మారక స్టాంపులు ఇక రావట, నిజమేనా?

"స్మారక స్టాంపులు తపాలా శాఖ ఆపేస్తోందట, ఉన్నవి ఇప్పుడే కొని పెట్టుకోవాలా?" అని అడిగారు. ఈ మాటే చెప్పే వాట్సాప్ మెసేజ్ నాకూ వచ్చింది. టెన్షన్ పడకండి, అది ఉత్త పుకారు.

అయితే అందులో ఒక ముక్క నిజం ఉంది, జనం నమ్మేది అందుకే. ఒక వ్యక్తికో సంఘటనకో గుర్తుగా తెచ్చే స్మారక స్టాంపును ఒక విడతే వేస్తారు. స్టాకు అయిపోతే మళ్లీ ముద్రించరు. ఉత్తరాలకు రోజూ వాడే డెఫినిటివ్ స్టాంపులు మాత్రం అవసరాన్ని బట్టి మళ్లీ మళ్లీ వేస్తారు. మనం కౌంటర్లో ఏదో స్టాంపు అడుగుతాం. అక్కడున్నాయన తల కూడా ఎత్తకుండా "అయిపోయాయండీ, ఇక రావు" అంటాడు. ఆయన చెప్పింది ఆ ఒక్క స్టాంపు గురించి. అది నాలుగు నోళ్లు దాటేసరికి "స్టాంపులే రావట" అయిపోతుంది.

2015లో ఇందిరా గాంధీ, రాజీవ్ గాంధీ బొమ్మలున్న స్టాంపులు ఆపి కొత్త వరుస తెచ్చినప్పుడూ మా సేకరణ మిత్రుల్లో ఇదే గందరగోళం. ఆపినవి డెఫినిటివ్‌లు, స్మారకాల జోలికే పోలేదు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపారు కదా, అప్పుడు కూడా "ఇక స్టాంపులెందుకు" అన్నవాళ్లున్నారు. ఆ రెంటికీ సంబంధమే లేదు. 1947 నవంబర్ 21న జాతీయ జెండాతో, 'జై హింద్' అక్షరాలతో వచ్చిన మూడున్నర అణాల స్టాంపుతో స్వతంత్ర భారతంలో మొదలైన స్మారక స్టాంపుల వరుస ఇది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

పుకారుతో లాభపడేది ఎవరో కూడా చూడండి. "చివరి విడత, మళ్లీ దొరకదు" అంటూ 5 రూపాయల స్టాంపును నాకు పదింతలకు అంటగట్టబోయాడు ఒక అమ్మకందారు. అదే స్టాంపు తపాలా శాఖ వాళ్లు సేకరణదారుల కోసం నడిపే ఫిలాటెలీ బ్యూరోలో అసలు ధరకే దొరికింది.

మీకు నిజంగా ఆసక్తి ఉంటే హెడ్ పోస్టాఫీసులో ఫిలాటెలిక్ డిపాజిట్ అకౌంట్ తెరవండి, అంటే స్టాంపుల కోసం ముందే డబ్బు జమ చేసుకునే ఖాతా. 200 రూపాయలు కడితే చాలు. కొత్త స్టాంపులు, మీరు కోరితే ఫస్ట్ డే కవరు (విడుదల రోజు ముద్రతో స్టాంపు అంటించిన కవరు), బ్రోషరు (ఆ స్టాంపు వివరాల కాగితం) కూడా పోస్టులో ఇంటికొస్తాయి. కౌంటర్లో చింపిచ్చే స్టాంపుకు అంచు పళ్లు ఒక్కోసారి తెగిపోతాయి, ఇలా వచ్చేవి మాత్రం నాకు నీటుగానే అందుతున్నాయి. ఇంట్లో ఆరు నుంచి తొమ్మిది చదివే పిల్లలుంటే స్టాంపుల సేకరణ అలవాటున్న పిల్లలకు తపాలా శాఖ ఇచ్చే స్పర్శ్ స్కాలర్‌షిప్ గురించి కూడా అక్కడే అడగండి. ఎంపికైతే ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు. స్కూల్లో ఫిలాటెలీ (స్టాంపుల సేకరణ) క్లబ్ లేకపోయినా పిల్లల పేరిట ఈ అకౌంట్ ఉంటే అప్లై చేసుకోవచ్చు.