ట్రాక్టర్, జేసీబీ మెకానిక్ కావాలంటే షెడ్డులో చేరాలా, ఐటీఐలో చేరాలా?

ప్రశ్న: మాది నంద్యాల జిల్లాలో ఒక పల్లె. మా అబ్బాయి ఈ ఏడాది పదో తరగతి పాసయ్యాడు. మా ట్రాక్టర్ మొరాయించినప్పుడల్లా మెకానిక్ పక్కన వీడే ఉంటాడు. ట్రాక్టర్లు, జేసీబీలు బాగుచేసే పని నేర్చుకోవడానికి దగ్గరలోని షెడ్డులో చేరతానంటున్నాడు. బంధువులు ఇంటర్ చదివించి ఇంజినీరింగ్‌లో చేర్చమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక తండ్రి

జవాబు: మీ అబ్బాయి ఆసక్తిని తేలిగ్గా తీసుకోనక్కరలేదు. ఇష్టంలేని ఇంజినీరింగ్ సీటుకు నాలుగేళ్లు ఫీజులు కట్టడం కంటే ఈ దారే మేలు. అయితే పదో తరగతి కాగానే నేరుగా షెడ్డుకు పంపడం మాత్రం సరికాదని నా అభిప్రాయం. షెడ్డులో చెయ్యి తిరుగుతుంది కాని, ఏ పని ఎందుకు చేస్తున్నారో విడమరచి చెప్పే తీరిక అక్కడి మేస్త్రీకి ఉండదు. ఈ వృత్తిలో సామాను విప్పి బిగించడం ఎవరైనా నేర్చుకుంటారు. లోపం ఎక్కడుందో ముందుగా తేల్చగలిగినవాడికే గిరాకీ.

పొలంలో ఆగిపోయిన ట్రాక్టర్‌నే తీసుకోండి. సెల్ఫ్ కొట్టినా ఇంజిన్ తిరగకపోతే బ్యాటరీని, టెర్మినళ్లను, సెల్ఫ్ మోటారును చూడాలి. ఇంజిన్ తిరుగుతున్నా స్టార్ట్ కాకపోతే డీజిల్ అందుతోందా, ఫిల్టర్ మూసుకుపోయిందా, పైపుల్లోకి గాలి చేరిందా అని వరసగా చూడాలి. పూర్తిగా చార్జయిన 12 వోల్టుల బ్యాటరీ ఊరకే ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు అది 9.6 వోల్టుల కంటే దిగిపోతే బ్యాటరీ నీరసించిందని అనుమానించాలి. పొగ రంగు కూడా ఇలాగే దారి చూపుతుంది. గాలి చాలకపోయినా, డీజిల్ ఎక్కువైనా నల్లపొగ వస్తుంది. ఇంజిన్ ఆయిల్ కాలుతుంటే నీలిపొగ వస్తుంది. డీజిల్ సరిగా కాలకపోయినా, రేడియేటర్ నీరు సిలిండర్‌లోకి దిగుతున్నా తెల్లపొగ విడవకుండా వస్తుంది. నల్లపొగ కనిపించగానే డీజిల్ పంపు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు విప్పే మెకానిక్ కంటే, ముందుగా ఎయిర్ క్లీనర్ తెరిచి చూసే మెకానిక్ రైతుకు చాలా ఖర్చు తప్పిస్తాడు.

రోడ్డు మీద తిరిగే బండికి కిలోమీటర్ల లెక్కన సర్వీసు చేస్తే, ఈ యంత్రాలకు అవర్ మీటర్ చూపే గంటల లెక్కన చేస్తారు. దుక్కి దుమ్ములో పనిచేసే ట్రాక్టర్ ఎయిర్ క్లీనర్‌ను రోజూ చూడవలసిందే. దమ్ము చేసిన తర్వాత ఇరుసు సీళ్ల గుండా నీరు లోపలికి పోయిందేమో పరీక్షించాలి. ఆయిల్ పాలలా తెల్లబడితే నీరు కలిసినట్టే. జేసీబీలో హైడ్రాలిక్ పని మరింత జాగ్రత్తతో కూడుకున్నది. దాని గొట్టాల్లో ఆయిల్ 200 బార్లకు, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లకు, పైబడిన ఒత్తిడితో పారుతుంది కనుక, సూదిమొనంత రంధ్రం నుంచి చిమ్మిన ఆయిల్ కూడా చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లకపోతే వేలో చెయ్యో తీసేయవలసి రావచ్చు. అందుకే లీకును చేత్తో తడమకుండా అట్టముక్క పెట్టి చూడాలని, బకెట్‌ను నేలకు దించి, ఇంజిన్ ఆపి, గొట్టాల్లో మిగిలిన ఒత్తిడిని వదిలేంతవరకు ఏదీ విప్పకూడదని మొదటిరోజే నేర్పే చోట మీ వాడు ఉండాలి.

షెడ్డు చదువు చాలదనడానికి మరో కారణం ఇంజిన్లు మారిపోవడం. 50 హార్స్‌పవర్‌కు పైబడిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి ట్రెమ్ 4 కాలుష్య ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. జేసీబీ వంటి నిర్మాణ యంత్రాలకు 2021లోనే ప్రమాణాలు కఠినమయ్యాయి. వీటి ఫలితంగా అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందిస్తూ, సెన్సర్లతో, కంప్యూటర్‌తో నడిచే కామన్ రైల్ ఇంజిన్లు వచ్చాయి. పాత ఇంజిన్లలో ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి మేస్త్రీలు ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టును కాస్త వదులు చేసి చూసేవారు. 1000 బార్లకు మించిన ఒత్తిడి ఉండే కామన్ రైల్‌పై అదే పని చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అక్కడ ఇంజిన్ కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను చూపే స్కానర్ తగిలించి, ఎర్రర్ కోడ్ చదివి, వైరింగ్‌ను మల్టీమీటర్‌తో పరీక్షించాలి. మన పల్లెల్లో పాత ట్రాక్టర్లే ఇంకా ఎక్కువ కనుక రెండు పద్ధతులూ తెలిసినవాడికి పనికి కొదవుండదు.

ఇక చదువు సంగతి. ఐటీఐలో డీజిల్ మెకానిక్, ట్రాక్టర్ మెకానిక్ ట్రేడ్లు ఏడాదివి. మోటార్ వెహికల్ మెకానిక్, అగ్రికల్చరల్ మెషినరీ మెకానిక్ ట్రేడ్లు రెండేళ్లవి. ఏడాదిలో ముగుస్తుందని మొదటివాటి వైపు మొగ్గు చూపేవారు చాలామంది ఉన్నా, మీ అబ్బాయికి నేను రెండేళ్ల ట్రేడ్‌నే సూచిస్తాను. ఎలక్ట్రికల్ పని నేర్చుకునే వ్యవధి అందులోనే దొరుకుతుంది. పైగా రెండేళ్ల ఐటీఐ చదివినవారు అర్హత మార్కులు ఉంటే బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్షల ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది. ఐటీఐ పూర్తయ్యాక 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ట్రాక్టర్ డీలర్ వర్క్‌షాపులోనో, ఆర్టీసీ డిపోలోనో స్టైపెండ్‌తో అప్రెంటిస్‌గా చేరాలి. ప్రభుత్వ రంగ సంస్థలు మెకానిక్ పోస్టులకు అడిగేది ఐటీఐ, అప్రెంటిస్ సర్టిఫికెట్లనే. షెడ్డు అనుభవం అక్కడ లెక్కకు రాదు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర వ్యవసాయ శాఖకు చెందిన వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. అక్కడి స్వల్పకాలిక కోర్సుల వివరాలు కనుక్కోండి. మీకు అంత దూరమూ కాదు.

ఈ పనిలో ఇబ్బందులు లేవని చెప్పను. నాట్ల కాలంలో అర్ధరాత్రి పిలుపు వస్తుంది, వేసవిలో కొన్నాళ్లు ఖాళీగా ఉండవలసి వస్తుంది, రైతు పంట అమ్మితే గాని డబ్బు ఇవ్వలేడు. సొంత షెడ్డు పెట్టేవారు ఈ అరువుకు తట్టుకునే పెట్టుబడి చేతిలో ఉంచుకోవాలి. అన్నట్టు, పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేదాకా అబ్బాయిని ట్రాక్టర్‌తో రోడ్డెక్కనివ్వకండి.

ఐటీఐలలో సాధారణంగా పదో తరగతి మార్కుల ఆధారంగా సీట్లు ఇస్తారు కాబట్టి దరఖాస్తు గడువు దాటకుండా చూసుకోండి. చేర్చేముందు వర్క్‌షాపులోకి వెళ్లి స్వయంగా చూడండి: నడిచే స్థితిలో ఇంజిన్ ఉందా, విద్యార్థులు దాన్ని నిజంగా విప్పుతున్నారా, స్కానర్ వాడుతున్నారా లేక అది అద్దాల బీరువాలో తాళం వేసి ఉందా? కిందటేడు చదివిన పిల్లలు ఎక్కడ అప్రెంటిస్‌గా చేరారో కూడా అడగండి.