చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నవాడి కోసం రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం మూడుసార్లు చదివాను. టెక్సాస్‌లో కొన్న పాత రెమింగ్టన్ 700 రైఫిల్ మీంచి స్కోప్ బేస్, అంటే గురిచూసే దుర్బిణి కూర్చునే పట్టీ, ఊడదీయబోతే నాలుగు స్క్రూల్లో రెండు కదలనే లేదని, పాత ఓనరు వాటికి లాక్‌టైట్, అంటే స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు, వేసి బిగించాడని రాశావు. మంచి విషయం పట్టుకున్నావు. అందుకే మెచ్చుకోళ్లు పక్కన పెట్టి, దిద్దాల్సినవే చెబుతాను.

ముందు నీ వాక్యం ఒకటి చూడు: "స్క్రూని తిప్పండి, కానీ దానికంటే ముందు దాన్ని వేడి చేయడం మర్చిపోకండి." ఇలాంటి వ్యాసం ఎవరూ పడక్కుర్చీలో కూర్చుని చదవరు. ఫోన్ బల్ల మీద పెట్టుకుని, చేతిలో స్క్రూడ్రైవర్‌తో చదువుతారు. "తిప్పండి" అన్న మాట కంట పడగానే చెయ్యి తిప్పేస్తుంది. మిగతా సగం చదివేసరికి స్క్రూ గాడి చెడిపోయి ఉంటుంది. అది ఇంగ్లీషులో ఆలోచించి తెలుగులో పెట్టిన వాక్యం. మనకి క్రియ చివర్లో వస్తుంది కదా, దాన్ని వాడుకో. "సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తల మీద ఆనించి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచి, వేడి తగ్గకముందే తిప్పాలి." పని ఏ వరసలో జరగాలో వాక్యం కూడా అదే వరసలో నడిచింది. పని నేర్పే రాతలకి మన భాష ఇంత అనువుగా ఉంటుందని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు.

అదే లెక్కన, చివర "జాగ్రత్తలు" అని పెట్టిన పేరాని మొదటికి తీసుకురా. తూటాల మేగజీన్ ఖాళీ చేసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కంటితో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే రైఫిల్‌ని బల్ల మీదకి ఎక్కించాలి. ఇది లేకుండా ఇంకో మాట రాయకు. స్కోప్‌ని విప్పి దూరంగా పెట్టడం, స్క్రూ చుట్టూ ఉన్న నూనె, సాల్వెంట్ శుభ్రంగా తుడవడం కూడా వేడి పెట్టేముందే రావాలి. నూనెకి నిప్పంటుకోవచ్చు. స్కోప్ లోపలి సీళ్లు వేడికి పాడవుతాయి. ఇంకొకటి, "బోల్ట్" అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది నట్టూ బోల్టూ. రైఫిల్ బోల్ట్ వేరని, తూటాని లోపలికి తోసి ఛాంబర్‌ని మూసే కడ్డీ అని మొదటిసారే ఒక ముక్క చెప్పెయ్.

"కొంచెం వేడి చేయాలి" అని నాలుగు చోట్ల రాశావు. కొంచెం అంటే ఎంత? లాక్‌టైట్‌లో నీలం రకం, అంటే 242, 243, మామూలు పనిముట్లతోనే ఊడుతుంది. ఎర్రటి 271కి మాత్రం ఆ చోట దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి, వేడి మీదే తిప్పాలి. బేస్ స్క్రూ చూస్తే మూడున్నర మిల్లీమీటర్ల మందం. వేడి పెట్టకుండా బలం వాడితే ముందు తల చెడుతుంది, మొండికేస్తే విరుగుతుంది కూడా. ఈ సంగతి చెబితే చదివేవాడు తనే ఆగుతాడు, నువ్వు "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవక్కర్లేదు.

నేను ఈ తప్పు చేసినవాణ్ణే. రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఒక మోటారు పుల్లీ స్క్రూ గురించి "వేడి చేసి తిప్పండి" అని మూడే మాటల్లో తేల్చేశాను. ఒకాయన గ్యాస్ మంట పెట్టాడు. పక్కనున్న ఆయిల్ సీల్ మాడిపోయింది. ఆయన రాసిన ఉత్తరంలో కోపం లేదు, "ఎంత వేడో, దేంతోనో మీరు చెప్పలేదండీ" అని మాత్రం ఉంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. రైఫిల్ విషయంలో మంట అసలే వద్దని, నల్లటి పాలిష్ రంగు మారిపోతుందని, సోల్డరింగ్ ఐరన్ అయితే వేడి చాలావరకు స్క్రూలోకే దిగుతుందని విడమర్చి రాయి.

ఇక నీ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన చోట నువ్వు తొందరపడ్డావు. "చివరికి స్క్రూ వచ్చేసింది" అట! అది ఎలా వచ్చింది నాయనా? ముందు చిన్నగా టిక్‌మని వదులుతుంది. వదిలాక కూడా తేలిగ్గా తిరగదు. గట్టిపడిన జిగురు మరల్లో నలుగుతూ, పొడిపొడిగా గీరుకుంటూ, బయటికి వచ్చేదాకా బిగువుగానే వస్తుంది. మొదటిసారి చేసేవాడికి ఇక్కడే టెన్షన్, మర తెగిపోతోందేమోనని భయపడి ఆపేస్తాడు. అలా ఆపితే స్క్రూ చల్లారి మళ్లీ పట్టేస్తుంది. నీ చేతికి తెలిసిన ఈ సంగతిని రాస్తే వాడు ఆపడు. దీనికి పేరా మొత్తం ఖర్చుపెట్టు.

స్క్రూడ్రైవర్‌కి కూడా రెండు వాక్యాలు పెంచు. మామూలు దాని మొన ఉలిలా కోసుగా ఉంటుంది, బలం పెట్టేకొద్దీ గాడిలోంచి పైకి లేస్తుంది. తుపాకీ పనికి వాడేదాని మొన రెండు పక్కలా సమానంగా ఉండి గాడి నిండా కూర్చుంటుంది.

చరిత్ర మాత్రం తగ్గించు. 1953లో హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీ ప్రొఫెసర్ వెర్నన్ క్రీబుల్ లాక్‌టైట్‌ని కనిపెట్టాడన్న కథకి మూడు పేరాలు ఎందుకు? అందులో పనికొచ్చే ముక్క ఒకటే: గాలి తగిలినంతసేపు అది ద్రవంగా ఉంటుంది, గాలి అందని చోట లోహం తగిలితే గట్టిపడుతుంది. సీసా నిండా నింపకపోవడానికి కారణం కూడా అదే. ఆ ముక్క ఉంచి తక్కినది తీసెయ్.

మళ్లీ బిగించేటప్పుడు పాత పొడిని బ్రష్‌తో దులిపి, ఎసిటోన్‌తో తుడిచి, బేస్ తయారీదారు చెప్పిన టార్క్‌కే, అంటే తిప్పే బలానికే, బిగించాలని ఒక మాట కలుపు.

రెండో ప్రతి పంపేముందు నాకొకటి చెప్పు. ఆ రెండు స్క్రూల మరల్లో మిగిలిన పొడి నీలమా, ఎరుపా? వ్యాసమంతా వెతికినా ఎక్కడా కనబడలేదు. నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి