పాప రిపోర్టులో 'ఎటిపికల్ లింఫోసైట్లు': ఇది బ్లడ్ క్యాన్సరా?

మోనో (ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జబ్బు) అని తేలిన మీ ఏడేళ్ల పాపకి ఎటిపికల్ లింఫోసైట్లు (ఆకారం మారిన ఒక రకం తెల్ల రక్తకణాలు) 18 శాతం వచ్చాయని, టి కణాలనే తెల్ల రక్తకణాల్లో సీడీ4 రకం కంటే సీడీ8 రకం ఎక్కువుందని, క్యాన్సరేమోనని నిద్రపట్టడం లేదని రాశారు. మీ టెన్షన్ అర్థమైందండి. కానీ మోనోలో ఈ రెండూ మామూలుగా కనిపించేవే.

మోనోకి ఎక్కువగా కారణమయ్యే ఎప్‌స్టీన్-బార్ వైరస్ దూరేది బి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల్లోకి. రిపోర్టులో వింతగా కనిపించిన కణాలు మాత్రం చాలావరకు అవి కావు. వైరస్ సోకిన బి కణాలను చంపడానికి ఒక్కసారిగా పెరిగిన సీడీ8 టి కణాలు. పని మీదున్న కణం పెద్దదై, ఆకారం మారుతుంది. సీడీ8 అంతగా పెరిగితే సీడీ4, సీడీ8ల నిష్పత్తి తలకిందులవడం సహజమే. జబ్బు తగ్గేకొద్దీ కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో మీరు రాయలేదు. నాకైతే అవే ముఖ్యం. అవి బాగా పడిపోయినా, స్మియర్‌లో (రక్తపు చుక్కను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్షలో) 'బ్లాస్ట్' కణాలని, అంటే ఇంకా ఎదగని రక్తకణాలని రాసినా వెంటనే రక్తవ్యాధుల డాక్టర్‌కి చూపించండి. లేదంటే డాక్టర్‌ని అడిగి కొన్ని వారాలకు సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) మళ్లీ చేయించండి.

ప్లీహం (కడుపులో ఎడమవైపు పైన ఉండే అవయవం) వాచి ఉండొచ్చు కాబట్టి కనీసం మూడు, నాలుగు వారాలు గెంతులాటలు వద్దు. ఉన్నట్టుండి ఎడమవైపు కడుపునొప్పి వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సొంతంగా వేయకండి, మోనోలో దానికి ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు.