మలుపు తిప్పే ముందు

చిరంజీవి రమణకి,

పెదనాన్న ఆశీస్సులు. త్వరలో నౌక బ్రిడ్జిపై, అంటే నౌకని నడిపే గదిలో, వాచ్ కాయబోతున్నావు కనుక కాలిఫోర్నియా తీరంలోని హోండా పాయింట్ ప్రమాదం సంగతి ముందు తెలుసుకో.

1923 సెప్టెంబర్ 8న అమెరికా నౌకాదళానికి చెందిన 14 డిస్ట్రాయర్లు (వేగంగా వెళ్లే యుద్ధనౌకలు) శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్ డియాగోకి 20 నాట్ల (గంటకి 20 నాటికల్ మైళ్ల) వేగంతో, ఒకదాని వెనక ఒకటి వెళ్తున్నాయి. రాత్రి 9 గంటలకి ముందున్న డెల్ఫీ నౌక, శాంటా బార్బరా జలమార్గం వచ్చేసిందనుకుని తూర్పుకి తిరిగింది. జలమార్గం ఇంకా దక్షిణాన ఉంది. 5 నిమిషాల్లో పొగమంచులో హోండా పాయింట్ రాళ్లకి కొట్టుకుంది. వెనక నౌకలూ అదే దారి పట్టాయి. 7 నౌకలు పోయాయి, 23 మంది చనిపోయారు. వారిలో 20 మంది క్షణాల్లో ఒరిగిపోయిన యంగ్ నౌకవారే.

తప్పు ఎక్కడ జరిగిందో చూడు. స్థానాన్ని డెడ్ రెకనింగ్‌తోనే, అంటే దిశ, వేగం, కాలం లెక్కతోనే కట్టారు. వేగం ప్రొపెల్లర్ చుట్లని బట్టి వేశారు. వెనక నుంచి పెద్ద అలలు తోసేటప్పుడు ప్రొపెల్లర్ ఒక్కోసారి నీటి పైకి లేచి ఊరికే తిరుగుతుంది. చుట్లు పెరుగుతాయి, దూరం పెరగదు. 20 నాట్లతో 9 గంటలు అంటే 180 నాటికల్ మైళ్లు. అందులో 5 శాతం తేడా అంటే 9 మైళ్లు, తీరం పక్కన అది ప్రాణాంతకం. అందుకే చార్ట్ (సముద్ర పటం) మీద చుక్క పెట్టి ఊరుకోకు. ఆ చుక్క చుట్టూ తేడాకి తగ్గ వలయం గీయి. గంట గంటకీ దాన్ని పెంచు. వలయంలో రాయి పడితే నువ్వు రాయి మీద ఉన్నట్టే లెక్క.

వాళ్లని ఆపగలిగే సమాచారం వచ్చింది, అదే బాధ. పాయింట్ ఆర్గ్వెల్లో రేడియో కేంద్రం నౌకలు తనకి వాయవ్యంలో ఉన్నాయని చెప్పింది. అంటే కేంద్రాన్ని ఇంకా దాటలేదన్నమాట. అప్పటి యంత్రాలు ఒక్కోసారి సరిగ్గా ఎదురు దిక్కు చూపేవి, అందుకని ఆ బేరింగ్‌ని, అంటే కేంద్రం చెప్పిన దిక్కుని, కొట్టిపారేశారు. అనుమానం ఉన్నప్పుడు చేయాల్సింది వరసగా మరికొన్ని తీసుకోవడం. దక్షిణంగా సాగే నౌక కేంద్రాన్ని దాటితే ఆ బేరింగ్ వాయవ్యం నుంచి పడమరకి, ఆపైన నైరుతికి జరగాలి. జరగకపోతే తిరగకూడదు. నీ లెక్కకి నచ్చని బేరింగ్‌కే ఎక్కువ విలువివ్వు.

లోతు కొలవాలంటే వేగం తగ్గించాలి, అదీ వాళ్లు చేయలేదు. నీకిప్పుడు శబ్దం ప్రతిధ్వనితో లోతు కొలిచే ఎకో సౌండర్ ఉంది, వేగం తగ్గించనక్కర్లేదు. మలుపుకి అరగంట ముందు నుంచి 5 నిమిషాలకోసారి లోతు రాసుకో, చార్ట్‌లోని లోతుతో సరిచూడు. కొలిచిన లోతు కీల్ (నౌక అడుగు) నుంచా, నీటి మట్టం నుంచా అన్నది ముందే చూసుకో, చార్ట్‌లోని లోతుకి ఆటుపోటు ఎత్తు కలిపి పోల్చు. జీపీఎస్ ఉందని ధీమా వద్దు, రాడార్ దూరంతో దాన్ని పరీక్షించు.

ముందు నౌక తోకని గుడ్డిగా పట్టుకోకు. నీ లెక్క నువ్వు వేసుకో, తేడా వస్తే కెప్టెన్‌ని నిద్రలేపి మరీ చెప్పు. గడియారాన్ని చూసి మలుపు తిప్పకు. రెండు వేర్వేరు ఆధారాలు ఒకే చోటు చూపినప్పుడే తిప్పు. చూపకపోతే వేగం తగ్గించి నౌకని లోతు నీళ్లవైపు మళ్లించు.

ఇట్లు,
పెదనాన్న