అడిగితే చెబుతాను: తడబడకుండా ఒక్క నిమిషం

ప్రశ్న: అమ్మగారూ, మా అమ్మాయి ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉంది. ఉద్యోగాల ఎంపికకు కళాశాలకు వచ్చినవారు 'జామ్' అనే పరీక్ష పెట్టారు. చీటీలో వచ్చిన అంశం మీద నిమిషం పాటు ఆగకుండా మాట్లాడాలట. మా పిల్ల ఇరవై సెకన్లకే ఆగిపోయి, ఇంటికి వచ్చి ఏడ్చింది. ఇది బీబీసీ రేడియోలో పుట్టిన ఆట అని లెక్చరర్ గారు చెప్పారట. నిజమేనా? సాధన ఎలా చేయించాలి?
ఒక తల్లి, ఖమ్మం

జవాబు: నిజమేనమ్మా. 'జస్ట్ ఎ మినిట్' అన్న మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే 'జామ్'. బీబీసీ రేడియో ఫోర్‌లో 1967 డిసెంబరు 22న మొదలైన హాస్య కార్యక్రమం అది. ఆటగాళ్ళు నలుగురు. అధ్యక్షుడు ఒకరికి అంశం ఇస్తాడు. తడబడకుండా, అన్న మాట మళ్ళీ అనకుండా, విషయం దాటకుండా అరవై సెకన్లు మాట్లాడాలి. తప్పు దొరికిందనుకుంటే మిగిలిన ముగ్గురిలో ఎవరైనా బజర్ నొక్కవచ్చు. అభ్యంతరం సరైనదైతే నొక్కినవారికి ఒక పాయింటు, అదే అంశం, మిగిలిన సెకన్లు దక్కుతాయి. కాకపోతే పాయింటు మాట్లాడుతున్నవారిదే. నిమిషం ముగిసిందని ఈల మోగే క్షణంలో ఎవరు మాట్లాడుతుంటే వారికి మరొకటి.

దీని పుట్టుక మీ అమ్మాయికి తప్పక చెప్పండి. ఆట రూపొందించినది ఇయాన్ మెసిటర్. షెర్బోర్న్ బడిలో చదివే రోజుల్లో ఆయన పరధ్యానంగా కనిపిస్తే పర్సివల్ ప్యారీ జోన్స్ అనే మాస్టారు లేపి నిలబెట్టారు. గడిచిన నిమిషంలో తాను చెప్పినదంతా తడుముకోకుండా, ఒకే మాట రెండుసార్లు రాకుండా అప్పగించమన్నారు. ఏళ్ళు గడిచాక లండన్‌లో 13వ నంబరు బస్సు పై అంతస్తులో కూర్చుని వెళ్తుండగా మెసిటర్‌కు ఆ సంగతి గుర్తుకు వచ్చింది. మాస్టారు పరీక్షించింది ఆ పిల్లవాడి నోటిని కాదమ్మా, చెవిని. నా మటుకు ఈ ఆట గుట్టంతా అక్కడే ఉంది.

ఆకాశవాణిలో 28 ఏళ్ళు అనౌన్సరుగా పనిచేశాను. స్టూడియోలో ఎర్రదీపం వెలగగానే గొంతు ఎండిపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కొత్తగా చేరిన పిల్లలకు మొదట నేను నేర్పింది, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని తమ మాట తామే వినడం. ఇప్పుడు ఏ మాట అన్నామో విననివారికి అది రెండోసారి నోటికి వచ్చినా తెలియదు.

1990లలో మా తమ్ముడు లండన్ నుంచి తెచ్చిన క్యాసెట్లలో ఈ కార్యక్రమం విన్నాను. క్లెమెంట్ ఫ్రాయిడ్ ఆట నాకు ప్రాణం. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్ మనవడు, పార్లమెంటు సభ్యుడిగా కూడా పనిచేశారు. తొలి భాగం నుంచి 2009లో కన్నుమూసేదాకా ఆడారు. నిమిషం ముగియడానికి కొద్ది సెకన్లు ఉన్నంతవరకు మౌనంగా వింటూ కూర్చుని, అప్పుడు బజర్ నొక్కేవారు. ఆ తరువాత వస్తువుల పేర్లు ఒక్కొక్కటే తాపీగా చెప్పుకుంటూ పోయేవారు. ఈల మోగేది. కెనెత్ విలియమ్స్ తీరు వేరు. ఒక్కో అక్షరాన్నీ రాగంలా సాగదీసేవారు. సాగదీయడం తడబాటు కాదు కదా! ఓడిపోతుంటే, గ్రేట్ పోర్ట్‌లండ్ స్ట్రీట్ నుంచి ఇంత దూరం వచ్చానని అలిగేవారు. ఆ వీధి బీబీసీకి నడిచి వెళ్ళేంత దగ్గర. వీళ్ళందరినీ అదుపులో పెట్టిన అధ్యక్షుడు నికలస్ పార్సన్స్ 1967 నుంచి 2018 వరకు ఒక్క భాగానికీ గైర్హాజరు కాలేదు. మైకు ముందు బతికిన మనిషిగా నేను ఆ నిష్ఠకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆయన 2020లో 96 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. 2021 నుంచి ఆ కుర్చీలో సూ పెర్కిన్స్ కూర్చుంటున్నారు.

మన కళాశాలల ఉత్సవాలలో జరిగే 'జామ్' పోటీ దీని సంతానమే. 2012లో బీబీసీ బృందం ముంబైకి వచ్చి రెండు భాగాలు రికార్డు చేసింది కూడా.

ఇక సాధన. రోజూ ఒక్క నిమిషం, ఇంట్లో కళ్ళెదుట ఉన్న వస్తువు మీద మాట్లాడించండి. ఫోనులో రికార్డు చేసి వెంటనే వినిపించండి. పరుగెత్తనివ్వకండి. వేగం పెరిగితే నిమిషం నింపడానికి ఎక్కువ మాటలు కావాలి, మాటలు పెరిగితే అన్నదే మళ్ళీ వస్తుంది. ఉద్యోగ పరీక్షలో బజర్ నొక్కేవారు ఉండరు కనుక ఆగినచోటే మళ్ళీ అందుకోవచ్చని చెప్పండి. ఇరవై సెకన్లు తక్కువేమీ కాదమ్మా. చేయి తిరిగిన హాస్యనటులు ఐదారు సెకన్లకే దొరికిపోవడం నేను ఎన్నోసార్లు విన్నాను.

ప్రశ్న: ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి మా బడిలో ఈ ఆట తెలుగులో ఆడించాలని ఉంది. కుదురుతుందా?
ఒక తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: చక్కగా కుదురుతుంది మాస్టారూ. అయితే ముందు కొన్ని నియమాలు తేల్చుకోండి. పోయిన వేసవిలో మా మేడ మీద నలుగురు పిల్లలతో ఆడించాను. బజర్ బదులు స్టీలు గ్లాసు, చెంచా. అంశం ఆవకాయ. పదేళ్ళ పిల్ల "వేడివేడి అన్నంలో" అనేసరికి గ్లాసు మోగింది. 'వేడి' రెండుసార్లు వచ్చిందట! పిల్ల ముఖం చిన్నబోయింది. ఆమ్రేడితం లేకుండా తెలుగువాళ్ళం అన్నం గురించి మాట్లాడగలమా? పక్కపక్కన, చిన్నచిన్న, మెల్లమెల్లగా, ఇవన్నీ మన మాటకు ఊపిరి. అందుకే జంటగా వచ్చినదాన్ని ఒకే మాటగా లెక్కించాలని తీర్పు చెప్పాను. లండన్‌లోనూ 'బీబీసీ' అంటే 'బీ' రెండుసార్లు వచ్చిందని పట్టుకున్నవారున్నారు.

విభక్తుల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 'కారం' అని, తరువాత 'కారంతో' అంటే దొరికినట్టే. ఈ కట్టుబాటు లేకపోతే ప్రత్యయాలు మార్చుకుంటూ ఎంతసేపైనా లాగవచ్చు. నేను, ఆ, ఈ, అని, ఉంది వంటి చిన్న మాటలను వదిలేయండి. చీటీలో ఉన్న మాటను ఎన్నిసార్లైనా అనవచ్చు, అది అసలు ఆటలోనూ ఉన్న వెసులుబాటే. పిల్లలకు అవధానం గురించి చెబితే విషయం దాటకూడదన్న నియమం సులువుగా అర్థమవుతుంది. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఎంత లాగినా అవధాని తన పద్యాన్ని వదలడు కదా.

గ్లాసూ చెంచా వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లకు ఇవ్వండి. మా మేడ మీద 'వేడివేడి'ని పట్టుకున్నది అటువంటి పిల్లే.