నిలబడి తీసే కునుకు గుర్రానికి చాలదు

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బరాత్‌లకు తిప్పే పదకొండేళ్ల ఆడగుర్రం ఉంది. దసరా తర్వాత దాని జత గుర్రాన్ని అమ్మి, కొట్టంలో షాబాద్ బండలు వేయించాం. రెండు నెలలుగా అది నిలబడి కునుకు తీస్తూనే ముందుకాళ్లు మడతపడి కూలబడబోతోంది, వెంటనే సర్దుకుంటోంది. మోకాళ్ల మీద పుండ్లు పడ్డాయి. మేత మామూలుగానే తింటోంది. ఇది మూర్ఛా? నిద్రమాత్ర ఇవ్వవచ్చా?

జవాబు: గుర్రాన్ని చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, మీరు రాసిన తీరును బట్టి ఇది మూర్ఛ కంటే నిద్రలేమి అయ్యే అవకాశమే ఎక్కువ. నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి. మగతలో ఉన్న గుర్రం బండల మీద పడితే పెద్ద దెబ్బలే తగులుతాయి, అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

కాళ్ల కీళ్లు బిగుసుకుని నిలిచే ఏర్పాటు ఒంట్లోనే ఉంది కనుక గుర్రం నిలబడే కునుకు తీయగలదు. అయితే కలలు వచ్చే దశలో కండరాలన్నీ సడలిపోతాయి కాబట్టి ఆ నిద్రకు అది పడుకోవలసిందే. రోజు మొత్తంలో గుర్రం నిద్రపోయేది సుమారు 3 నుంచి 5 గంటలు, అదీ ముక్కలు ముక్కలుగా. అందులో పడుకుని తీసే ఈ నిద్ర అరగంట నుంచి గంట వరకే. ఆ కాస్తా రోజుల తరబడి దక్కకపోతే, నిలబడి ఉండగానే ఆ దశలోకి జారి ముందుకాళ్ల మీద కూలుతుంది. మోకాళ్ల పుండ్లు అలా పడినవే కావచ్చు.

ఎందుకు పడుకోవడం లేదన్నదే మనం వెతకవలసింది. గుంపులో ఒకటి పడుకుంటే మరొకటి నిలబడి కాపలా కాస్తుంది. జత పోయిన గుర్రం, ముఖ్యంగా కుక్కలు తిరిగే చోట, ఒంటరిగా నేల మీద ఒరగడానికి భయపడుతుంది. ఇంకో గుర్రాన్ని కొనలేకపోతే కనీసం మేకనో గేదెనో అది చూడగలిగేంత దగ్గరగా కట్టండి. బండల మీద జానెడు మందాన వరిగడ్డి పరవండి. మిర్యాలగూడ మిల్లుల ఊక మీకు సులభంగా దొరుకుతుంది, కానీ దుమ్ము లేనిదే వాడాలి. రాత్రిపూట తాడు విప్పి, 12 అడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న చోట వదిలేయండి. పొట్టి తాడుతో కట్టిన గుర్రం తల దించి పడుకోలేదు. బరాత్ డీజే మోతలో అర్ధరాత్రి దాకా నిలబడి వచ్చిన గుర్రానికి మరునాడు పని పెట్టకుండా, చీకటిగా, చప్పుడు లేకుండా ఉంచండి.

ఉదయం దాని పక్కలను, తోకను చూడండి. గడ్డిపరకలు అంటుకుని ఉంటే రాత్రి పడుకుందన్నమాట. కొట్టంలో ఫోన్ పెట్టి రాత్రంతా వీడియో తీస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇవన్నీ చేసినా వారం, పది రోజుల్లో పడుకోకపోతే కీళ్ల నొప్పో గిట్టల వాపో ఉండవచ్చు. ఈ వయసులో అది అరుదేమీ కాదు. పడుకోవడానికి, లేవడానికి నొప్పి పుడితే అది పడుకోవడమే మానేస్తుంది. అలాగే అది పొట్ట వైపు చూసుకుంటూ, చెమటలు పట్టి, పదేపదే దొర్లితే అది నిద్ర కాదు, కడుపునొప్పి. క్షణం ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలవండి.

పుండ్ల విషయంలో మాత్రం ఆగవద్దు. గుర్రాలకు ధనుర్వాతం చాలా తేలికగా సోకుతుంది కనుక ఈ వారమే పశువైద్యశాలలో చూపించి టీకా వేయించండి, కాళ్లను కూడా పరీక్షించమని అడగండి. ఈ కూలబడటం పూర్తిగా ఆగేవరకు దయచేసి ఏ పెళ్లికొడుకునూ దాని మీద ఎక్కించకండి.